మా బీకాం అబ్బాయి దొంగను పట్టుకుంటాడట

ప్రశ్న: మా అబ్బాయి ఖమ్మంలో బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్ చివరి ఏడాది చదువుతున్నాడు. ట్యూషన్లు చెప్పి దాచుకున్న 18 వేలు ఓ క్రిప్టో ఎక్స్ఛేంజీలో పెట్టాడు. అవి ఇరుక్కుపోయాయి. బయటివాళ్ళెవరో దొంగిలించారని కంపెనీ అంటోంది, లోపలివాళ్ళ పనేనని వీడంటాడు. అప్పటి నుంచి రాత్రి రెండింటి దాకా కంప్యూటర్ ముందే. డబ్బు ఏ వాలెట్‌లోంచి (క్రిప్టో దాచుకునే ఖాతా లాంటిదట) ఏ వాలెట్‌లోకి పోయిందో బాణాలు గీస్తుంటాడు. టెలిగ్రాంలో తనలాంటివాళ్ళు రెండొందల మంది ఉన్నారట. పోయిన వారం ఆ గుంపులో ఒకతని పేరు, ఫొటో, ఊరు పెట్టి 'వీడే దొంగ' అని రాశాడు. అప్పట్నుంచి నాకు టెన్షన్‌తో నిద్ర లేదు. సీఏలో చేరమంటే వినడు, ఇదే నా కెరీర్ అంటాడు. ఇలాంటి ఉద్యోగాలు నిజంగా ఉంటాయా? లేక వీణ్ణి డాక్టరుకు చూపించాలా? – ఒక తండ్రి

జవాబు: ముందు ఆ ఫొటో తీయించండి. కెరీర్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. అతను నిజంగా దొంగే అయినా తీయాల్సిందే. దొంగ కాకపోతే మీవాడు ముక్కూమొహం తెలియని మనిషిని రెండొందల మంది ముందు నిలబెట్టి పరువు తీసినట్టు. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద పరువునష్టం నేరమే, రెండేళ్ళ దాకా జైలు పడొచ్చు. గుంపులో అందరూ అదే అన్నారంటే కోర్టు వినదు. పోస్టు తీసేసి, అదే గుంపులో 'సరైన ఆధారం లేకుండా పెట్టాను, పొరపాటు' అని ఒక్క వాక్యం రాయమనండి. తన దగ్గరున్న వివరాలు పనికొస్తాయని వాడికి నమ్మకముంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయొచ్చు, నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో రాసివ్వొచ్చు. సొంత డబ్బు పోయినవాడు కాబట్టి ఫిర్యాదు చేసే హక్కు వాడికుంది.

ఇక మీ ప్రశ్న. డాక్టరు అక్కర్లేదు. నిద్ర సంగతి మాత్రం మీరు ఇంట్లో పట్టుబట్టాల్సిందే. ఇలాంటి ఉద్యోగాలు ఉన్నాయి. మీ అబ్బాయి చేస్తున్నది అందులో సగం పని. మిగతా సగం వాడికింకా తెలిసినట్టు లేదు. నా జవాబంతా ఆ మిగతా సగం గురించే.

మీకు అర్థమయ్యేట్టు చెప్తాను. ఊళ్ళో అందరి పాస్‌బుక్కులూ పంచాయతీ ఆఫీసు గోడకి అంటించారనుకోండి. ఖాతా నంబర్లు, తేదీలు, మొత్తాలు అన్నీ కనిపిస్తాయి. పేర్లు మాత్రం ఉండవు. బిట్‌కాయిన్, ఈథీరియం లావాదేవీలు అలాంటివి. పైసా కట్టకుండా ఎవరైనా ఈథర్‌స్కాన్ లాంటి సైటు తెరిచి డబ్బు వెంట నడిచి వెళ్ళొచ్చు. బిట్‌కాయిన్‌లో నాలుగు అడ్రసుల్లోని (గోడ మీది ఖాతా నంబర్ల లాంటివే ఇవి) డబ్బు కలిపి ఒకే లావాదేవీలో ఖర్చు పెడితే ఆ నాలుగూ ఒకరివే అయ్యుంటాయని లెక్క వేస్తారు. 'అయ్యుంటాయి' అన్నాను, 'ఒకరివే' అనలేదు. మీవాడు పెట్టిన ఫొటోకీ ఈ పని తెలిసినవాళ్ళు రాసే రిపోర్టుకీ తేడా అక్కడుంది.

2024 జులై 18న వజీర్‌ఎక్స్ అనే మన దేశపు ఎక్స్ఛేంజీ నుంచి దాదాపు 23 కోట్ల డాలర్ల విలువైన క్రిప్టో పోయింది. ఒక్కరి సంతకంతో తెరుచుకోని వాలెట్ అది, అయినా పోయింది. గంటల్లోనే ఇళ్ళల్లో కూర్చున్న ఔత్సాహికులూ, ఇదే వ్యాపారంగా ఉన్న కంపెనీలూ ఆ సొమ్ము వెంట పడ్డారు. దొంగలు చేతికొచ్చిన రకరకాల క్రిప్టో టోకెన్లను ఈథర్‌గా (ఈథీరియం నాణెం) మార్చి టోర్నడో క్యాష్ అనే మిక్సర్‌లోకి తోలారు. అందరి నీళ్ళూ ఒకే తొట్టిలో పోసి, మళ్ళీ చెంబులతో ముంచి ఇచ్చినట్టుంటుంది ఆ మిక్సర్. ఆ ఏడాది చివర్లో ఢిల్లీ పోలీసులు పశ్చిమ బెంగాల్ మనిషినొకణ్ణి అరెస్టు చేశారు. వేరే పేరుతో ఎక్స్ఛేంజీలో ఖాతా తెరిచి దాన్ని టెలిగ్రాంలో ఇంకొకరికి అమ్మేశాడన్నది అతని మీద ఆరోపణ. 2025 జనవరిలో అమెరికా, జపాన్, దక్షిణ కొరియా ప్రభుత్వాలు ఉమ్మడిగా ప్రకటించాయి, ఈ దొంగతనం ఉత్తర కొరియా పనేనని. ఖాతా మీద పేరు ఒకరిది, తెరిచింది ఇంకొకరు, కొన్నది మరొకరు, దోపిడీ వెనకున్నది ఏకంగా ఒక దేశం. ఆ మొదటి పేరు దగ్గర ఆగి ఎవరైనా ఫొటో పెట్టేసి ఉంటే?

మీ అబ్బాయి మౌంట్ గాక్స్ పేరు వినే ఉంటాడు, ఈ వేటలో ఉన్నవాళ్ళకి అది బాలశిక్ష లాంటిది. టోక్యోలో ఉండేది ఆ ఎక్స్ఛేంజీ. ఒకప్పుడు ప్రపంచంలోని బిట్‌కాయిన్ వ్యాపారంలో ఎక్కువ భాగం దాని మీదే నడిచింది. 2014 ఫిబ్రవరిలో చేతులెత్తేసి, 8,50,000 బిట్‌కాయిన్లు కనిపించడం లేదని చెప్పింది. కొన్ని వారాలకి పాత వాలెట్‌లో 2,00,000 దొరికాయి. (అంత సొమ్ము ఎక్కడో పెట్టి మర్చిపోవచ్చని అప్పుడే తెలిసింది నాకు.) ఇంటర్నెట్‌లో జనమంతా ఒకే మాట: సీఈఓ మార్క్ కార్పెలెసే తినేశాడు. అచ్చం మీవాడు అంటున్నట్టే, లోపలివాళ్ళ పని.

అదే ఊళ్ళో కిమ్ నిల్సన్ అనే స్వీడన్ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఉండేవాడు. పోలీసు కాదు, డిటెక్టివ్ కాదు. అతని బిట్‌కాయిన్లు కూడా కొన్ని అందులో ఇరుక్కున్నాయి. ఇద్దరు ముగ్గురు మిత్రులతో కలిసి విజ్‌సెక్ అని పేరు పెట్టుకుని, ఉద్యోగం చేసుకుంటూనే, ఖాళీ దొరికినప్పుడల్లా లెక్కలు కట్టాడు. బయటికి లీకైన ఎక్స్ఛేంజీ డేటాను ఒక పక్క, గోడ మీది పాస్‌బుక్కుల్ని ఇంకో పక్క పెట్టుకుని సరిచూశాడు. 2015లో వాళ్ళు చెప్పింది విని చాలామంది నోళ్ళు తెరిచారు: దొంగతనం 2014లో జరగలేదు, 2011 నుంచీ కొద్దికొద్దిగా కారిపోతూనే ఉంది, 2013 మధ్యకల్లా సొమ్ము దాదాపు ఖాళీ. ఎక్స్ఛేంజీ మాత్రం అంతా ఉన్నట్టే ఇంకో ఏడెనిమిది నెలలు దుకాణం నడిపింది.

పోయిన సొమ్ములో పెద్ద భాగం చేరిన వాలెట్ల వెనక ఒక మారుపేరు దొరికింది. ఆ మారుపేరు మనిషి పాత గొడవ ఒకదాంట్లో తన అసలు పేరు తనే బయటపడేలా చేసుకున్నాడు. అలా నిల్సన్‌కి అలెగ్జాండర్ విన్నిక్ అనే రష్యన్ పేరు చిక్కింది. చిక్కగానే అతను ఆ పేరు ఎక్కడా పోస్టు చేయలేదు. దర్యాప్తు అధికారులకు ఇచ్చి నోరు మూసుకున్నాడు. 2017 జులైలో గ్రీసులో విన్నిక్ అరెస్టయ్యాకే విజ్‌సెక్ ఆ పేరుతో సహా తమ పరిశోధన బయటపెట్టింది. దొంగ దొరికాడనిపించాక కూడా అన్నాళ్ళు ఊరుకోవడం ఎంత కష్టమో మీ అబ్బాయిని అడగండి. వాడు ఎన్ని గంటలు ఆగగలిగాడో కూడా అడగండి.

కథ అక్కడితో అయిపోలేదు. విన్నిక్ మీద నడిచిన కేసు ముఖ్యంగా దొంగసొమ్మును మార్చిపెట్టినందుకు. 2024లో ఒప్పుకున్న నేరం కూడా అదే. అసలు మౌంట్ గాక్స్‌లోకి చొరబడి దోచుకున్నారని అమెరికా 2023 జూన్‌లో అభియోగాలు బయటపెట్టింది వేరే ఇద్దరు రష్యన్ల మీద. సీఈఓ కార్పెలెస్‌ని 2019లో టోక్యో కోర్టు రికార్డులు తారుమారు చేసినందుకు దోషి అంది, డబ్బు కాజేశాడన్న అభియోగం మాత్రం కొట్టేసింది. అంటే అంత జాగ్రత్తగా పట్టుకున్న పేరు కూడా సొమ్ము చేరిన చోటుదే. తాళం పగలగొట్టారంటున్నది వేరేవాళ్ళు.

సీఏ వద్దు, ఇది కావాలి అంటున్నాడు కదా మీవాడు. ఈ రెంటికీ సంబంధం లేదనుకోవడం వాడి రెండో పొరపాటు. కెనడాలో క్వాడ్రిగా అనే ఎక్స్ఛేంజీ ఉండేది. దాన్ని నడిపిన జెరాల్డ్ కాటన్ 2018 డిసెంబరులో మన జైపూర్‌లో చనిపోయాడు. వయసు 30. పాస్‌వర్డులు అతనికొక్కడికే తెలుసు, డబ్బు తీయలేకపోతున్నాం అని కంపెనీ చెప్పేసరికి ఇంటర్నెట్ వేటగాళ్ళు రెండుగా చీలిపోయారు. కొందరు బుద్ధిగా వాలెట్లు వెతికి, దాచిపెట్టామంటున్న సొమ్ము అసలు కనిపించడం లేదన్నారు. చాలామంది మాత్రం అతను నిజంగా చచ్చాడా, ఎక్కడైనా దాక్కున్నాడా అన్న పుకారు పట్టుకుని నెలల తరబడి ఊగారు. చివరికి 2020 జూన్‌లో ఒంటారియో సెక్యూరిటీస్ కమిషన్ రిపోర్టు తేల్చిందేమిటి? అతను మారుపేర్లతో ఖాతాలు తెరిచి, లేని డబ్బు ఉన్నట్టు వాటిలో రాసుకుని, ఆ ఉత్తుత్తి డబ్బుతో సొంత ఖాతాదారుల అసలు సొమ్ము కొన్నాడు. నష్టం దాదాపు 16.9 కోట్ల కెనడా డాలర్లు.

ఇది బయటపడింది హ్యాకింగ్ తెలివితో కాదు, పుస్తకంలో ఎంతుంది, బ్యాంకులో ఎంతుంది అని పక్కపక్కన పెట్టి చూస్తే. మీ అబ్బాయి ఆ పాఠం చదివే ఉంటాడు. బీఆర్ఎస్ అంటారు. పార్టీ కాదండోయ్, బ్యాంక్ రీకన్సిలియేషన్ స్టేట్‌మెంట్. బీటెక్ పిల్లలు బాణాలు బ్రహ్మాండంగా గీస్తారు గానీ బ్యాలెన్స్ షీట్ ముందు తెల్లమొహం వేస్తారు. ఈ రంగంలో మీవాడి బలం బీకామే, అది వాడికి చెప్పేవాళ్ళు లేరు.

ఉద్యోగాల మాటకొస్తే, 2023 మార్చి 7న కేంద్రం క్రిప్టో వ్యాపారాన్ని మనీ లాండరింగ్ నిరోధక చట్టం కిందికి తెచ్చింది. ఎక్స్ఛేంజీలు ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్‌లో నమోదు కావాలి, కస్టమర్ల కేవైసీ చూడాలి, అనుమానాస్పద లావాదేవీలను రిపోర్టు చేయాలి. ఆ రిపోర్టులు రాయడానికి మనుషులు కావాలి. చెయినాలిసిస్, టీఆర్ఎం ల్యాబ్స్, ఎలిప్టిక్ లాంటి కంపెనీల్లో నేరుగా ఈ వేటే ఉద్యోగం. కానీ డిగ్రీ కాగితంతో అక్కడికి వెళ్ళడం కష్టం. హైదరాబాద్‌లో పెద్ద విదేశీ బ్యాంకుల ఆఫీసులున్నాయి, వాటిలో కేవైసీ, ఏఎంఎల్ (మనీ లాండరింగ్‌ను అడ్డుకునే పని), ట్రాన్సాక్షన్ మానిటరింగ్ టీములుంటాయి. బీకాం ఫ్రెషర్లను తీసుకుంటారు. మొదట్లో జీతం గొప్పగా ఉండదు, నైట్ షిఫ్టులుంటాయి, పని విసుగు. రోజుకు ఇన్ని అలర్టులు చూసి మూయాలి, చాలావరకు ఏమీ ఉండదు. మీవాడికి రాత్రి రెండింటి దాకా మేలుకోవడం ఎలాగూ అలవాటే. రెండేళ్ళు అక్కడ అరిగితే అనుమానానికీ ఆధారానికీ తేడా ఒంటపడుతుంది. అక్కడి నుంచి క్రిప్టో వైపు మారడం ఇప్పుడున్నంత కష్టం కాదు.

కోర్సుల గురించి తొందరపడొద్దు. గుజరాత్ గాంధీనగర్‌లోని నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ మంచిది, బీకాంతో ఏ కోర్సుకి అర్హత ఉందో నోటిఫికేషన్‌లో చూసుకోండి. ఏఎంఎల్ నిపుణులకిచ్చే సీఏఎంఎస్ సర్టిఫికెట్‌కి ఈ రంగంలో విలువుంది, కానీ ఫీజు ఎక్కువ. ఉద్యోగంలో చేరాక కంపెనీ కడితే చేయొచ్చు. అమీర్‌పేట గోడల మీద 'క్రిప్టో ఇన్వెస్టిగేటర్, 45 రోజులు' అని కనిపిస్తే నడక ఆపొద్దు. సీఏ చెడ్డ ఆలోచన కాదు. కామర్స్ డిగ్రీలో 55 శాతం ఉంటే నేరుగా ఇంటర్మీడియట్‌లో చేరొచ్చు, సీఏ అయ్యాక ఫోరెన్సిక్ అకౌంటింగ్‌లో ఇన్‌స్టిట్యూట్ వాళ్ళదే సర్టిఫికెట్ కోర్సుంది. కానీ మనసు లేనివాణ్ణి సీఏలోకి తోస్తే అటెంప్టులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటారు మీరు. ముందు డిగ్రీ, తర్వాత ఏఎంఎల్ ఉద్యోగం, వాడంతట వాడు అడిగితే సీఏ. నా ఓటు దానికే.

ఈలోపు వాడు చేయాల్సిన పని ఒకటుంది. తన సొంత కేసు కాకుండా, తేలిపోయిన పాత కేసు ఒకటి తీసుకుని నాలుగు పేజీల రిపోర్టు రాయాలి. సొంత డబ్బు పోయిన కేసులో కళ్ళు సరిగా కనిపించవు. ప్రతి బాణం కిందా రెండు మాటలు: ఇది నాకెలా తెలుసు, ఇది తప్పయ్యే అవకాశం ఎక్కడుంది. తీసిన ప్రతి స్క్రీన్‌షాట్‌కీ తేదీ, సమయం, హ్యాష్ విలువ (ఫైలుకి వేలిముద్ర లాంటి కోడ్, ఫైలు మారితే అదీ మారుతుంది) రాసిపెట్టాలి. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ ఆధారానికి ఇచ్చే సర్టిఫికెట్‌లో ఆ హ్యాష్ అడుగుతారు. బీకాం కుర్రాడు ఇంటర్వ్యూలో ఈ ముక్క చెబితే ఎదుటివాళ్ళు పెన్ను కింద పెడతారు. నా దగ్గరికొచ్చిన అమ్మాయి ఒకామె మంచి రిపోర్టే పట్టుకెళ్ళింది, ఆఖరి పేజీలో 'నూరు శాతం నిర్ధారణ' అని రాసుకుంది. అడిగిన మొదటి ప్రశ్నే ఆ నూరు ఎక్కడిదని. ఉద్యోగం రాలేదు. ఆర్నెల్లకి వేరేచోట వచ్చింది, ఆ మాట కొట్టేశాక.

రెండు జాగ్రత్తలు. గోడ మీద కనిపించేది చదవడం వరకే. ఎవరి ఖాతాలోకైనా, మెయిల్‌లోకైనా తొంగిచూస్తే అది ఐటీ చట్టం 66వ సెక్షన్, మూడేళ్ళ దాకా జైలు. రెండోది, ఇలాంటి టెలిగ్రాం గుంపుల్లోకే 'మీ డబ్బు వెనక్కి తెప్పిస్తాం, ముందు ఫీజు కట్టండి' అనేవాళ్ళు వస్తారు. డబ్బు పోయినవాడే వాళ్ళకి సులువైన గిరాకీ. వాడికి ఇంకో పద్దెనిమిది వేలు ఇవ్వకండి.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక వాడి పక్కన కుర్చీ వేసుకుని ఆ బాణాలు చూపించమనండి. మీకు సగం అర్థం కాదు, ఫర్వాలేదు. ప్రతి బాణం దగ్గరా 'ఇది వాడిదేనని నీకెలా తెలుసురా?' అని అడగండి. అరవకుండా అడగండి. మూడో బాణం దగ్గర వాడు తడబడతాడని నా అనుమానం. రిపోర్టు పూర్తయ్యాక నాకొక కాపీ పంపమనండి. ఎర్ర పెన్నుతో దిద్ది పంపుతాను. ఫొటో తీసేశాకే సుమా.