జిమ్‌కి వెళ్తున్నా ఛాతీ తగ్గడం లేదు.. సర్జరీ చేయించుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 24. పద్నాలుగో ఏట నుంచి నా ఛాతీ ఉబ్బెత్తుగా ఉంది. పెద్దయ్యాక అదే తగ్గిపోతుందని ఇంట్లో అన్నారు, తగ్గలేదు. రెండేళ్లుగా జిమ్‌కి వెళ్లి 9 కిలోలు తగ్గాను, పొట్ట కూడా పోయింది, ఛాతీ మాత్రం అలాగే ఉంది. పైకి కనిపించకూడదని లోపల బిగుతు బనియన్ వేసుకుంటున్నా. సర్జరీ చేయించుకుంటే మచ్చ పడుతుందా? మళ్లీ వస్తుందా? - ఒక పాఠకుడు

డాక్టర్ సలహా: 9 కిలోలు తగ్గారంటే మీ కష్టంలో లోటేమీ లేదు. పొట్ట కరిగి ఛాతీ కరగలేదంటే అక్కడున్నది కొవ్వొక్కటే కాకపోవచ్చు, లోపల రొమ్ము గ్రంథి పెరిగి ఉండొచ్చు. దీన్నే గైనకోమాస్టియా అంటాం. గ్రంథి వ్యాయామానికి కరగదు. ఎన్ని పుషప్స్ తీసినా దాని కింద కండ పెరుగుతుంది, దాంతో ఒక్కోసారి ఛాతీ ఇంకాస్త ముందుకు వచ్చినట్టు కూడా కనిపిస్తుంది.

ఇంట్లోనే ఒకసారి చూసుకోండి. వెల్లకిలా పడుకుని, బొటనవేలు, చూపుడువేలు చనుమొనకు రెండు పక్కలా పెట్టి మెల్లగా దగ్గరికి తీసుకురండి. సరిగ్గా చనుమొన కింద రబ్బరు బిళ్లలాంటిది వేళ్లకు తగిలితే అది గ్రంథి. ఏ అడ్డూ లేకుండా వేళ్లు మెత్తగా దగ్గరికి వచ్చేస్తే అది కొవ్వు. చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి. అయితే గడ్డ పక్కకు ఉన్నా, రాయిలా గట్టిగా ఉన్నా, ఒకవైపే పెరుగుతున్నా, చనుమొన నుంచి రక్తం వస్తున్నా, చర్మం లోపలికి లాగినట్టున్నా సర్జరీ సంగతి పక్కనపెట్టి వెంటనే డాక్టర్‌కి చూపించండి. మగవాళ్లకూ రొమ్ము క్యాన్సర్ వస్తుంది, అరుదే కానీ వస్తుంది.

మీ ఇంట్లోవాళ్లు చెప్పిందాంట్లో నిజం ఉంది. యుక్తవయసులో హార్మోన్ల హెచ్చుతగ్గులతో చాలామంది మగపిల్లలకు ఇలా అవుతుంది, ఎక్కువమందికి 6 నెలల నుంచి 2 ఏళ్లలో దానంతట అదే పోతుంది. మీకు పదేళ్లయింది. కొత్తగా మొదలైనప్పుడైతే మందులు కొంతవరకు పనిచేస్తాయి, ఏడాది దాటాక గ్రంథి గట్టిపడి మందులకు లొంగదు, కాబట్టి మీలాంటివాళ్లకు సర్జరీయే సరైన దారి. ఇది అందం కోసం చేయించుకునే ఆపరేషనని ఎవరైనా తీసిపారేస్తే పట్టించుకోకండి. పదేళ్లు బిగుతు బనియన్‌లో దాక్కోవడం చిన్న బాధ కాదు.

మీరు రాయని విషయం ఒకటి నేను అడగాలి. కండలు త్వరగా వస్తాయని జిమ్‌లో ఎవరైనా ఇంజెక్షన్లు, మాత్రలు ఇచ్చారా? అనబాలిక్ స్టెరాయిడ్లు ఒంట్లో ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్‌గా మారి రొమ్మును పెంచుతాయి, వాడితే దాచకుండా చెప్పండి. జుట్టు రాలకుండా వాడే ఫినాస్టెరైడ్, బీపీకి, గుండెకు ఇచ్చే స్పైరనోలాక్టోన్, మానసిక సమస్యలకిచ్చే రిస్పెరిడోన్ లాంటి మందులతోనూ ఇది వస్తుంది, అలాగని వాటిని మీ అంతట మీరు ఆపేయకూడదు. మద్యం, లివర్ జబ్బు, థైరాయిడ్ కూడా కారణం కావచ్చు. అందుకే ముందు హార్మోన్లు, లివర్, కిడ్నీ, థైరాయిడ్ రక్తపరీక్షలు చేయించండి. వృషణాలు చూస్తానని డాక్టర్ అంటే సిగ్గుపడి వద్దనకండి, అక్కడి గడ్డ వల్ల రొమ్ము పెరిగిన సందర్భాలుంటాయి, చూడటం నిమిషం పని.

ఇక ఆపరేషన్. మత్తు ఇచ్చి, సన్నటి గొట్టంతో కొవ్వు లాగేస్తారు, దాన్నే లైపోసక్షన్ అంటారు. తర్వాత చనుమొన చుట్టూ ఉండే నల్లటి వలయం కింది అంచున చిన్న కోత పెట్టి గ్రంథిని తీస్తారు. కోత సరిగ్గా రంగు మారేచోట ఉంటుంది కాబట్టి మచ్చ పడినా క్రమంగా అంచులో కలిసిపోయి పెద్దగా కనిపించదు. చర్మం బాగా వేలాడుతుంటే మాత్రం దాన్ని కూడా తీయాలి, అప్పుడు మచ్చ పెద్దది. గట్టి గ్రంథి ఉన్నవాళ్లకు లైపోసక్షన్ ఒక్కటే చేస్తే బిళ్ల లోపలే మిగిలిపోతుంది, డబ్బు పోయి ఛాతీ అలాగే ఉందని బాధపడుతూ వచ్చేవాళ్లను చూస్తుంటాం. అలాగని మొత్తం గీకేయకూడదు, చనుమొన కింద కొద్దిగా ఉంచకపోతే అక్కడ గుంట పడుతుంది. ఆ కొలత తెలిసిన చెయ్యి కావాలి, కాబట్టి ఇలాంటివి తరచూ చేసే ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికే వెళ్లండి, 'గ్రంథి కూడా తీస్తారా?' అని నేరుగా అడగండి. తీసిన ముక్కను బయాప్సీకి పంపమని కూడా చెప్పండి.

సాధారణంగా అదే రోజో మర్నాడో ఇంటికి పంపేస్తారు. ఛాతీని పట్టి ఉంచే కాంప్రెషన్ వెస్ట్ 4 నుంచి 6 వారాలు వేసుకోవాలి, బరువులెత్తడం కూడా అప్పటిదాకా వద్దు. వాపు, కమిలిన రంగు, చనుమొన దగ్గర తిమ్మిరి మామూలే, తిమ్మిరి కొన్ని నెలలుండొచ్చు, కొందరిలో పూర్తిగా పోకపోవచ్చు. కానీ మొదటి ఒకటి రెండు రోజుల్లో ఒకవైపు ఉన్నట్టుండి ఉబ్బి, బిగిసి, నొప్పి పెరిగితే లోపల రక్తం చేరుతోందని అర్థం, తెల్లారేదాకా ఆగకుండా ఫోన్ చేయండి. సిగరెట్ తాగితే కనీసం 4 వారాల ముందే మానేయాలి, లేకపోతే చనుమొనకు రక్తం సరిగా అందక గాయం మానదు.

గ్రంథి సరిగ్గా తీశాక మళ్లీ రావడం అరుదు. మళ్లీ వచ్చిందంటే చాలావరకు అసలు కారణం అలాగే ఉండిపోయి ఉంటుంది, లేదంటే స్టెరాయిడ్లు వాడి ఉంటారు, లేదంటే బాగా బరువు పెరిగి ఉంటారు. మీ బరువు కొన్ని నెలలుగా ఒకేలా ఉంటే ఆపరేషన్‌కి ఇదే మంచి సమయం. ముందు ఆ రక్తపరీక్షలు చేయించి, రిపోర్టులు పట్టుకుని సర్జన్‌ని కలవండి.