అరవై వేల కోర్సా, అబ్బాయి రాస్తున్న చిన్న ప్రోగ్రామా?

ప్రశ్న: మా అబ్బాయి హన్మకొండ దగ్గర బీటెక్ సీఎస్ఈ మూడో సంవత్సరం. సాయంత్రం పూట ఒక నెట్ సెంటర్లో గంటల లెక్కన పనికి వెళ్తాడు. నెల రోజులుగా రాత్రిళ్లు నల్ల స్క్రీన్ మీద ఏదో టైప్ చేస్తున్నాడు. అడిగితే ‘నేను పనిచేసిన గంటలు లెక్కగట్టే ప్రోగ్రామ్’ అంటాడు. మా మరిది కొడుకు అమీర్‌పేటలో అరవై వేలు కట్టి ఆరు నెలల ఏఐ కోర్సులో చేరాడు. మేమూ అప్పు చేసి చేర్పించాలా? రెండింటిలో ఏది మంచిది?
– టైలరింగ్ చేసే ఒక తల్లి, కాజీపేట

జవాబు: అమ్మా, ముందు అప్పు సంగతి. ఇప్పుడు చేయకండి.

ఇలాంటి ప్రశ్న నాకు ఏటా వస్తుంది, కోర్సు పేరే మారుతుంది. ఒకప్పుడు జావా, ఆ తర్వాత టెస్టింగ్, డేటా సైన్స్, ఇప్పుడు ఏఐ. అడిగేవాళ్ల భయం మాత్రం మారలేదు. చుట్టాల పిల్లాడు చదివేదానికి ఒక పేరుంది, సర్టిఫికెట్ ఉంది. మన పిల్లాడు చేసేది మన కంటికి ఆనదు. అందుకే టైమ్‌పాస్‌లా అనిపిస్తుంది. కాబట్టి తను చేస్తున్నదేంటో ముందు చెప్తాను.

పనికి కూర్చోగానే ‘స్టార్ట్’ అని కొడతాడు, లేచేటప్పుడు ‘స్టాప్’. వారం చివర ‘రిపోర్ట్’ అంటే ఏ రోజు ఎన్ని గంటలో వస్తుంది. బటన్లు, బొమ్మలు ఏమీ ఉండవు, అన్నీ మాటలతోనే. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాస్తుంటే పైసా ఖర్చు లేదు. ఈ కమాండ్లను చదివే ఆర్గ్‌పార్స్, లెక్కలు దాచిపెట్టే ఎస్క్యూలైట్ రెండూ పైథాన్‌తోపాటే వస్తాయి.

అసలు కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. రాత్రి 11:40కి స్టార్ట్ కొట్టి 12:20కి స్టాప్ కొడితే? గంటలు, నిమిషాలు మాత్రమే రాసుకుంటే తీసివేతలో మైనస్ వస్తుంది. తేదీ కూడా రాయాలి. మరి ఆ నలభై నిమిషాలు ఏ రోజు ఖాతాలో వేయాలి? మధ్యలో కరెంటు పోతే? స్టార్ట్ కొట్టిన టైమ్‌ను అప్పుడే ఫైల్లో రాసేస్తే కంప్యూటర్ ఆగినా లెక్క పోదు. ప్రోగ్రామ్ అంతసేపూ నడుస్తూ ఉండాల్సిన పనే లేదు. ఇది సొంతంగా కనుక్కునే పిల్లలు తక్కువ. స్టాప్ కొట్టడం మర్చిపోయి ఇంటికొచ్చేస్తే? పద్దెనిమిది గంటలు పనిచేసినట్టు చూపిస్తే ఓనర్ నమ్ముతాడా? ఇవన్నీ తనే తేల్చుకోవాలి. ఇంటర్వ్యూ చేసేది నేనైతే ఇవే అడుగుతాను.

ఇక ఆ కోర్సు. ఏఐ చెడ్డదని నేను అనను. కానీ ఆరు నెలల కోర్సుల మీద నాకు అనుమానాలున్నాయి. నా దగ్గరికొచ్చే రెజ్యూమేల్లో ఎక్కువగా అవే ప్రాజెక్టులు కనిపిస్తాయి: టైటానిక్ ఓడలో ఎవరు బతికారో చెప్పేది, 150 ఐరిస్ పూలను మూడు జాతులుగా విడదీసేది. ఆ పూల లెక్కలు ఫిషర్ అనే శాస్త్రవేత్త 1936లో ప్రచురించినవి. నేర్చుకోవడానికి మంచివే. అయితే అందరి కాగితం మీదా అవే ఉంటే మీ అబ్బాయిని ఎలా గుర్తుపడతారు? ఇంకా కొంచెం లోపలికెళ్లి ప్రాబబిలిటీ గురించి అడిగితే చాలామంది మౌనంగా ఉండిపోతారు.

కొన్నేళ్ల కింద పరకాల నుంచి వచ్చిన ఒక తండ్రికి, కూతుర్ని అలాంటి కోర్సులో చేర్పించమని నేనే చెప్పాను. ‘నూటికి నూరు శాతం ప్లేస్‌మెంట్’ అన్న బోర్డును నేనూ నమ్మాను. వాళ్లమ్మాయి కోర్సు పూర్తి చేసింది, ఉద్యోగం రాలేదు. ప్లేస్‌మెంట్ అంటే ఇంటర్వ్యూలకు పేరు పంపడం వరకేనని అప్పుడు చెప్పారు. ఆ తండ్రి నన్ను ఒక్క మాట అనలేదు. ఆ బాధ నాకు ఇంకా పోలేదు.

‘ఇలాంటి ప్రోగ్రామ్ చాట్‌జీపీటీ నిమిషంలో రాసిస్తుంది కదా’ అని ఎవరైనా మీతో అంటారు. నిజమే, రాసిస్తుంది. అందుకే ప్రతి లైనూ ఎందుకుందో అబ్బాయి చెప్పగలగాలి. కాజా మిషన్ వచ్చాక కూడా ఏ బట్టకు ఎంత ఖాళీ వదలాలో మీరే చూసుకుంటారు కదమ్మా.

ఒక మాట కటువుగానే అంటాను, ఏమనుకోకండి. మరిది కొడుకు ఫీజు ఎంతో మీకు తెలుసు. మీ అబ్బాయి ఈ ప్రోగ్రామ్ ఎందుకు మొదలుపెట్టాడో తెలుసా? గంటల లెక్కన కూలి తీసుకునే పిల్లాడు తన గంటలు తనే రాసుకుంటున్నాడంటే, ఎక్కడో డబ్బులు తక్కువ ఇచ్చి ఉండొచ్చు. నెల రోజులుగా పక్క గదిలోనే ఉన్నాడు. మీరు అడగాల్సింది నన్ను కాదు, తనను.

ప్రోగ్రామ్ పూర్తయ్యాక, రాసినవి నలుగురూ చూసేలా పెట్టుకునే గిట్‌హబ్ వెబ్‌సైట్‌లో పెట్టమనండి, ఎలా వాడాలో ఒక పేజీ రాయమనండి, ఇద్దరు స్నేహితులకిచ్చి వాడించమనండి. ఏఐ మీద ఆసక్తి ఉంటే ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ పాఠాల వెబ్‌సైట్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితంగా ఉన్నాయి, పరీక్ష రాస్తేనే ఫీజు. అవి విని, లెక్కలు పట్టుబడి, ఇంకా కావాలంటే అప్పుడు కోర్సు గురించి మాట్లాడుకుందాం.

ఈ రాత్రి పక్కన కూర్చుని ఒకసారి చూపించమనండి. ఒక వారం మీ కుట్టుపని గంటలు కూడా అందులో ఎక్కించమనండి. లైనింగ్ బ్లౌజుకు మీరు తీసుకునే కూలి ఎన్ని గంటలకో వచ్చే ఆదివారం కల్లా తేలిపోతుంది.