మెత్తబడిపోయిన తీపి బిస్కెట్లను పారేయకుండా ఏం చేయొచ్చు?

డబ్బా అడుగున మిగిలిపోయి మెత్తబడ్డ బిస్కెట్లు తినబుద్ధి కావడం లేదు, పారేయడానికి మనసు రావడం లేదు, ఏం చేయాలి అని అడిగారు. దయచేసి పారేయకండి. మా ఇంట్లో సగం తిని, మూతి మడతపెట్టి వదిలేసిన ప్యాకెట్లు ఎప్పుడు చూసినా ఏవో ఒకటి ఉంటాయి. ఏళ్లుగా వాటిని ఏదో ఒక దాంట్లోకి వాడుతూనే ఉన్నాను కాబట్టి నాకు బాగా కుదిరినవి చెబుతాను.

ముందు ఒక బిస్కెట్‌ని విరిచి, విరిచిన చోట వాసన చూడండి. మెత్తబడటం వేరు, చెడిపోవడం వేరు. మెత్తబడ్డదంటే గాలిలోని చెమ్మ పీల్చుకుంది, అంతే. పాత నూనె వాసన వస్తే మాత్రం అందులోని కొవ్వు పాడైపోయినట్టు. దాన్ని ఏ వంటలో కలిపినా ఆ వాసన పోదు సరికదా, మంచి వెన్న, చాక్లెట్ కూడా దాంతోపాటు పాడవుతాయి. వెన్న బిస్కెట్లలో, గింజలు వేసిన వాటిలో ఈ వాసన త్వరగా వస్తుంది. బూజు, పురుగు కనిపిస్తే ఇక ఆలోచించే పనే లేదు, పారేయడమే. ప్యాకెట్ మీద 'బెస్ట్ బిఫోర్' అని ఉండే తేదీ నాణ్యత గురించి చెప్పేది. ఆ తేదీ కాస్త దాటినంత మాత్రాన బిస్కెట్ తినకూడనిది అయిపోదు. ముక్కునీ నాలుకనీ నమ్మండి.

వాసన బాగుంటే, సగం పని ఓవెన్ చేసిపెడుతుంది. బ్రెడ్ పాతబడితే గట్టిపడుతుంది, బిస్కెట్ పాతబడితే మెత్తబడుతుంది. కాల్చినప్పుడు బిస్కెట్లో నీరు దాదాపు అంతా పోతుంది, పైగా దాన్నిండా పంచదార, అందుకే చుట్టూ ఉన్న తేమనంతా లాక్కుంటుంది. ఆ తేమను మళ్లీ బయటికి పంపితే కరకర తిరిగొస్తుంది. 150 డిగ్రీల దగ్గర 5 నుంచి 8 నిమిషాలు చాలు, ఒకదాని మీద ఒకటి పడకుండా పరచాలి. బయటికి తీసినప్పుడు ఇంకా మెత్తగానే ఉంటాయి, అప్పుడే తేల్చేయకండి. జాలీ స్టాండ్ మీద పూర్తిగా చల్లారనిస్తే, విరిచినప్పుడు 'టక్' మంటాయి. ఓవెన్ లేకపోతే మందపాటి పెనం మీద, బాగా సన్నని సెగ మీద, తిప్పుతూ వేడిచేసినా సరిపోతుంది. మైక్రోవేవ్ నాకు నచ్చలేదు, ఒక పక్క మాడి ఇంకో పక్క అలాగే ఉండిపోతుంది. క్రీమ్ బిస్కెట్లైతే క్రీమ్‌ని ముందే గీకి తీసేయాలి, చాక్లెట్ పూత ఉన్నవాటిని అసలు వేడి చేయొద్దు.

ఎందుకింత వివరంగా చెప్పానంటే, పొడి చేసి వాడే వంటలు చాలావాటికి కూడా ఈ వేడి చేయడం అవసరం. మెత్తటి బిస్కెట్‌ని మిక్సీలో వేస్తే పొడి కాదు, ముద్ద కడుతుంది. వేడిచేసి చల్లార్చినది ఇసకలా రాలుతుంది.

ఆ పొడికి నా మొదటి ఓటు చీజ్‌కేక్ అడుగుకే. 200 గ్రాముల పొడికి 80 నుంచి 100 గ్రాముల కరిగించిన వెన్న. వెన్న బిస్కెట్లైతే తక్కువ వైపు, సాదా బిస్కెట్లైతే ఎక్కువ వైపు వేయండి. సరిపోయిందో లేదో పిడికిట నొక్కి చూస్తే తెలుస్తుంది: ముద్ద నిలబడాలి, వేలితో తడితే విడిపోవాలి. చేతికి జిడ్డు కారుతుంటే వెన్న ఎక్కువైనట్టు, ఇంకాస్త పొడి కలపండి. టిన్నులో పరిచి, అడుగు చదునుగా ఉన్న స్టీలు గ్లాసుతో మధ్య నుంచి అంచులకు నొక్కుకుంటూ రావాలి. అంచుల దగ్గర వదులుగా వదిలేస్తే ముక్క కోసేటప్పుడు అక్కడే రాలిపోతుంది. ఫ్రిజ్‌లో ఒక గంట ఉంచితే బిగుసుకుంటుంది. పంచదార వేయకండి, బిస్కెట్లో ఉన్నదే ఎక్కువ. చిటికెడు ఉప్పు మాత్రం తప్పకుండా వేయండి.

పిల్లలున్న ఇంట్లో చాక్లెట్ బిస్కెట్ కేక్‌ని మించింది లేదు. 2011లో బ్రిటన్ యువరాజు విలియం తన పెళ్లి విందుకు సాదా టీ బిస్కెట్లతో చేసిన ఇలాంటి కేకునే కోరి చేయించుకున్నాడు. 200 గ్రాముల డార్క్ చాక్లెట్, 100 గ్రాముల వెన్న, రెండు చెంచాల తేనె కలిపి, నీళ్ల గిన్నె మీద పెట్టి కరిగించి, అందులో 200 గ్రాముల బిస్కెట్ ముక్కలు కలపాలి. ముక్కలు బొటనవేలి గోరంత ఉండాలి. పొడి చేస్తే కోసినప్పుడు కనిపించే ఆ తెల్లటి గళ్లు రావు, నాకు ఆ కేకులో సగం అందం అదే. బేకింగ్ కాగితం పరిచిన టిన్నులో నొక్కి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టండి. మళ్లీ కాల్చే పని లేదు కదా అని భయపడక్కర్లేదు, బిస్కెట్లోని పిండి ముందే కాలి ఉంటుంది.

ఓపిక లేని రోజున, బిస్కెట్లను ముందుగా వేడి చేయడం కూడా వద్దనుకుంటే, పాలతో కేక్ చేసేయండి. ఇక్కడ మెత్తటి బిస్కెట్లు అలాగే పనికొస్తాయి. 200 గ్రాముల బిస్కెట్లను ముక్కలు చేసి పాలలో నానబెట్టి, గరిటె నుంచి జారే పిండిలా కలుపుకోవాలి. సుమారు 200 మిల్లీలీటర్ల పాలు పడతాయి, బిస్కెట్‌ని బట్టి కాస్త అటూ ఇటూ. చివర్లో చెంచాడు బేకింగ్ పౌడర్ కలిపి, వెంటనే 180 డిగ్రీల దగ్గర పెట్టేయాలి. ఆలస్యం చేస్తే పొంగు తగ్గుతుంది. అరగంటకు కాస్త ముందే పుల్ల గుచ్చి చూడండి. నిజం చెప్పాలంటే మైదాతో చేసే కేకంత తేలిగ్గా ఉండదు, కొంచెం బరువుగా, తడిగా ఉంటుంది. వేడివేడిగా తింటేనే బాగుంటుంది.

ఇంకా చిన్న చిన్నవి చాలా ఉన్నాయి. ఆపిల్ ముక్కల మీద వెన్న కలిపిన పొడి చల్లి కాల్చొచ్చు, ఐస్‌క్రీమ్ మీద చల్లుకోవచ్చు, మిల్క్‌షేక్‌లో రెండు వేస్తే చిక్కబడుతుంది. అల్లం బిస్కెట్లుంటే కూరకి కూడా పనికొస్తాయి. జర్మన్లు జావర్‌బ్రాటెన్ అనే పుల్లటి మాంసం వంటలో గ్రేవీ చిక్కబడటానికి మసాలా బిస్కెట్ల పొడి వేస్తారు. పులుపూ తీపీ కలిసిన ఏ పులుసులోనైనా ఒకటి రెండు వేసి చూడొచ్చు.

కుక్కకి పెట్టేద్దాం అనుకునేవాళ్లకి ఒక్క మాట: చాక్లెట్, ఎండుద్రాక్ష, జైలిటాల్ అనే తీపి పదార్థం ఉన్న బిస్కెట్లు కుక్కలకు విషంతో సమానం. దయచేసి పెట్టకండి.

ఇప్పటికిప్పుడు ఏదీ చేసే తీరిక లేకపోతే, బిస్కెట్లను వేడిచేసి చల్లార్చి, పొడి కొట్టి, గాలి చొరని డబ్బాలో పోసి ఫ్రీజర్లో పెట్టేయండి. రెండు మూడు నెలలు బాగుంటుంది. రకరకాలవి కలిసినా పర్వాలేదు కానీ అల్లం, నారింజ లాంటి గట్టి వాసనలున్నవి మాత్రం వేరే డబ్బాలో ఉంచండి. మీ దగ్గర మిగిలినవి ఏ రకమో, ఎన్ని ఉన్నాయో రాస్తే దేనికి బాగుంటాయో చెబుతాను.