డబుల్ ఎల్లో దగ్గరే బ్రేకు

అమ్మా శిరీషా,

మొన్న ఆదివారం నువ్వు ఫోన్ పెట్టేశాక చాలాసేపు అరుగు మీదే కూర్చుండిపోయాను. "పిల్లాడు నీళ్ళ బాటిల్ స్కూల్లో మర్చిపోయి వచ్చాడని వాడి మీద అంతలా అరిచేశాను మామయ్యా, అరుస్తున్నది నేనేనా అని నాకే అనిపించింది" అన్నావు చూడు, ఆ మాటే చెవిలో తిరుగుతోంది. ఆ పూట నాకేం చెప్పాలో తోచక "టెన్షన్ పడకు తల్లీ" అనేసి ఊరుకున్నాను. వానలో నిలబడ్డవాణ్ణి తడవకురా అన్నట్టుంది అది. అందుకే ఇవాళ తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ఫోన్లో తెలుగు కొట్టడం నాకింకా పూర్తిగా చేతకాలేదు, తప్పులుంటే సర్దుకుని చదువుకో.

ముందు ఆ యాప్ సంగతి. ధ్యానం యాప్ పెట్టుకుని 19 రోజులు వరుసగా చేశానని, 20వ రోజు మంత్ ఎండ్ హడావుడిలో మిస్సయితే లెక్క మళ్ళీ సున్నాకి వచ్చిందని, దానికీ ఏడుపొచ్చిందని చెప్పావు. నవ్వకూడదు గానీ నవ్వొచ్చింది. టెన్షన్ తగ్గడానికి పెట్టుకున్నదానికి కూడా టార్గెట్టేనా, బ్యాంకులో ఇచ్చేవి చాలవా? యాప్ మంచిదే కావచ్చు, నేను కాదనను. కాకపోతే రోజూ చేస్తున్నామన్న లెక్క వేరు, చేసేటప్పుడు మనం అక్కడ ఉన్నామా లేదా అన్నది వేరు. ఈ తేడా నాకు ఒకసారి గట్టిగానే తెలిసొచ్చింది. మీ అమ్మకు కూడా ఇప్పటిదాకా చెప్పలేదు, నీకు చెబుతున్నాను.

అప్పటికి నేను రైల్వేలో గూడ్స్ బళ్ళ డ్రైవరుగానే ఉన్నాను. రామగుండం వైపు నుంచి కాజీపేటకు బొగ్గు రేక్, 58 వ్యాగన్లు, నాలుగు వేల టన్నులకు పైనే బరువు. రాత్రి మూడు దాటింది. ఇంజన్లో మాకొక పద్ధతి ఉంటుంది, సిగ్నల్ కనబడగానే అసిస్టెంటు దాని రంగు పైకి చెప్పాలి, డ్రైవరు అదే మాట తిరిగి పలకాలి. అతను "గ్రీన్" అంటే నేనూ "గ్రీన్" అనాలి. ఇది కాక విజిలెన్స్ పరికరం ఒకటి, ఒక నిమిషం పాటు డ్రైవరు దేన్నీ తాకకుండా కూర్చుంటే దీపం వెలుగుతుంది, అప్పటికీ కదలకపోతే బజర్ మోగుతుంది, ఇంకా పలకకపోతే బండి తనంతట తనే బ్రేకు వేసుకుంటుంది. అంటే డ్రైవరు నిద్రపోకుండా ఎన్ని కాపలాలు పెట్టాలో అన్నీ పెట్టారు.

ఆ రాత్రి నేను నిద్రపోలేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. కానీ మనసు మాత్రం ఇంటి దగ్గరుంది, ఆ సాయంత్రమే నాకూ మీ చిన్న మామయ్యకూ మధ్య గోడ విషయంలో మాటా మాటా పెరిగింది. వాడు అన్నదానికి నేను ఏమని ఉండాల్సిందో, నేను అలా అంటే వాడి మొహం ఎలా మాడిపోయేదో, అదే సినిమా మళ్ళీ మళ్ళీ వేసుకుని చూసుకుంటున్నాను. అసిస్టెంటు "డబుల్ ఎల్లో" అన్నాడు, అంటే ఇక వేగం తగ్గించుకోమని, నేనూ అన్నాను. తర్వాత "ఎల్లో" అన్నాడు, నేనూ "ఎల్లో" అన్నాను. చెయ్యి ఆ విజిలెన్స్ బటన్ నొక్కుతూనే ఉంది. ఎల్లో అంటే ముందుది రెడ్ కావచ్చు, ఆగడానికి సిద్ధంగా ఉండాలని ఏ పిల్లాణ్ణి అడిగినా చెబుతాడు, నేను మాత్రం పేరుకి కాస్త బ్రేకు వేసి వదిలేశాను. ఇంతలో అసిస్టెంటు "సార్, రెడ్! రెడ్!" అని అరిచాడు. వేగం అప్పటికే తక్కువగా ఉంది కాబట్టి సరిపోయింది, సిగ్నల్ ఇంకా ఓ ఇంజన్ పొడవు దూరంలో ఉండగా బండి ఆగింది. రెడ్ దాటితే డ్రైవరు ఉద్యోగానికే ముప్పు, అదృష్టం బాగోకపోతే ప్రాణాలకూ ముప్పే. చేతులు వణుకుతుంటే ఆ కుర్రాడు ఒక్క మాట మాట్లాడకుండా ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చాడు. సిగ్నల్ పడేదాకా ఆ ఇరవై నిమిషాలు నేను అనుకున్నది ఒకటే. నోరు చెప్పింది, చెయ్యి నొక్కింది, నేను మాత్రం లేను.

ఆ తర్వాత నేను చేసిన మార్పు చాలా చిన్నది. రంగు పైకి చెప్పాక లోపల ఒక్క ప్రశ్న వేసుకునేవాణ్ణి, "అంటే ఏంటి?" అని. ఎల్లో. అంటే ఏంటి? ముందు ఆగాలి. అంతే, రెండు సెకన్ల పని. రిటైరయ్యేదాకా అదే చేశాను, ఇప్పుడు ఇంట్లోనూ అదే చేస్తున్నాను. నేను నీకు చెప్పబోయేది కూడా ఇదే, ఇంకేదో పెద్ద విద్య అనుకోకు.

నువ్వు పిల్లాడి మీద అరవడం రెడ్ దగ్గర జరిగింది. అక్కడ ఆపుకోవాలని చూస్తే ఎవరివల్లా కాదు తల్లీ, నాలుగు వేల టన్నుల బండి వేగం మీద ఉంటే రెడ్ కనబడ్డాక ఆపగలమా? డబుల్ ఎల్లో దగ్గరే వేగం తగ్గడం మొదలవ్వాలి. ఆ రోజు నీ డబుల్ ఎల్లో ఎప్పుడు పడిందో గుర్తు తెచ్చుకో. నాకు తెలిసి ఇంటికొచ్చాక కాదు. సాయంత్రం నాలుగింటికి ఆ ఇన్సూరెన్స్ పాలసీల లెక్క అడుగుతూ గ్రూపులో మెసేజ్ వచ్చినప్పుడో, మధ్యాహ్నం అన్నం తినకుండా కౌంటర్లో కూర్చున్నప్పుడో పడి ఉంటుంది. అది ఒంట్లో కనబడుతుంది. నాకైతే దవడ బిగుసుకుంటుంది. మీ అత్తయ్యకు మాటలు పొట్టివైపోతాయి, "ఊ", "సరే", అంతే, అప్పుడు మేమంతా జాగ్రత్త పడతాం. మీ అమ్మ ఊరికే పదిసార్లు కొంగు సర్దుకుంటుంది, గమనించావా? నీది ఏంటో నువ్వే కనిపెట్టాలి. భుజాలు చెవుల దగ్గరకు లేస్తాయా, కడుపులో బిగింపా, ఫోన్ను పదే పదే తెరిచి మూస్తుంటావా? ఒక వారం పాటు వేరే ఏమీ చెయ్యకు, ఇది కనిపెట్టే పనే పెట్టుకో.

కనబడ్డాక లోపలే పేరు పెట్టి చెప్పుకో. "భుజాలు బిగుసుకున్నాయి." అంతవరకే. "ఛీ, మళ్ళీ కోపం, నేను మారను" అని దానికి తోక తగిలించకు. మా ఇంజన్లో ఎవరూ "ఛీ, ఎల్లో" అనరు, ఎల్లో అంటారు. తర్వాత ఆ ప్రశ్న, అంటే ఏంటి? ఆకలేస్తోందా, అవమానంగా ఉందా, ఇంటికి వెళ్ళి చెయ్యాల్సిన పని గుర్తొచ్చిందా? సగం సార్లు జవాబు చాలా మామూలుగా ఉంటుంది, నవ్వొచ్చేంత మామూలుగా. నా జవాబు ఎక్కువసార్లు ఆకలే.

ఆ క్షణంలో చెయ్యాల్సింది ఊపిరి పొడుగ్గా వదలడం. అందరూ గట్టిగా పీల్చుకోమంటారు, నేను వదలమంటున్నాను. పీల్చేటప్పుడు గుండె కాస్త వేగంగా, వదిలేటప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకుంటుంది, మణికట్టు దగ్గర నాడి పట్టుకుని చూసుకో, కాసేపటికి నీకే తెలుస్తుంది. కస్టమర్ ఎదురుగా ఉండగా కూడా చెయ్యొచ్చు, ఎవరికీ తెలియదు. మూడు నాలుగు సార్లు చాలు.

నేను రిటైరయ్యాక హైదరాబాదులో నాగార్జునసాగర్ రోడ్డు మీదున్న ధమ్మఖేత్త అనే కేంద్రంలో పది రోజుల విపశ్యన ధ్యానం కోర్సుకు వెళ్ళొచ్చానని నీకు తెలుసు. ఎస్.ఎన్. గోయెంకా గారు నేర్పిన పద్ధతి, 1976 నుంచీ నడుస్తున్న కేంద్రం, ఫీజు లేదు, పొద్దున నాలుగింటికే గంట కొడతారు, మాటలుండవు, ఫోనుండదు. మొదటి మూడు రోజులూ ముక్కు దగ్గర ఊపిరి రావడం పోవడం చూడడమే పని. రెండో రోజుకే మోకాళ్ళు నా మాట వినడం మానేశాయి, మూడో రోజు పారిపోదామని గేటు దాకా చూపు వెళ్ళింది. అప్పుడు బయటపడింది చూడు, గోడ గొడవ అయిపోయి ఏళ్ళు గడిచినా, తమ్ముడితో రాజీ పడి ఒకే కంచంలో తింటున్నా కూడా, కళ్ళు మూసుకోగానే ఆ డైలాగులే. మనసు పాత సరుకు ఎంత దాచుకుంటుందో అక్కడ తెలిసింది. అయినా నిన్ను ఇప్పుడే వెళ్ళమని నేను చెప్పను. చిన్నపిల్లలతో పది రోజులు కుదరదు, పైగా ఇంత అలసటలో వెళితే అదొక పరీక్షలా తయారవుతుంది. పిల్లలు కాస్త పెద్దయ్యాక చూద్దాం.

నీకు ఇప్పుడు కుదిరేవి చెబుతాను. డ్యూటీ ఎక్కేముందు మాకు కాషన్ ఆర్డర్ అని ఒక కాగితం ఇస్తారు. ఇవాళ ఏ కిలోమీటరు దగ్గర పట్టాల పని జరుగుతోంది, ఎక్కడ ఎంత వేగం మించకూడదు, అన్నీ అందులో ఉంటాయి. అది చదువుకుని బయల్దేరిన డ్రైవరు మధ్యలో స్పీడు తగ్గించాల్సి వచ్చిందని విసుక్కోడు, ముందే తెలుసు కాబట్టి. నువ్వూ పొద్దున టీ తాగేటప్పుడు అలాంటిదొకటి రాసుకో, రెండు మూడు ముక్కలు చాలు. "ఇవాళ పెన్షనర్ల రోజు, పదకొండింటిదాకా రద్దీ. సాయంత్రం రివ్యూ కాల్. బాబుకు రేపు లెక్కల పరీక్ష." రాసినంత మాత్రాన రద్దీ తగ్గదు, కానీ అది వచ్చినప్పుడు "నా ఖర్మకి ఇవాళే రావాలా" అని అనుకోవు. రద్దీ కన్నా ఆ మాటే మనిషిని ఎక్కువ అలసగొడుతుంది.

రెండోది గుమ్మం. కొత్తల్లో నేను డ్యూటీ దిగి ఇంటికి రాగానే చెప్పులు ఎక్కడున్నాయి, కూరలో ఉప్పేది అని మొదలుపెట్టేవాణ్ణి. ఒకరోజు మీ అత్తయ్య "ఇంజన్ని షెడ్లో పెట్టి రండి, వాకిట్లోకి తేకండి" అంది. కోపమొచ్చింది గానీ మాట తగిలింది. అప్పటి నుంచి వీధి చివర వేపచెట్టు కింద సైకిల్ ఆపి ఓ ఐదు నిమిషాలు నిలబడి వచ్చేవాణ్ణి. నువ్వు స్కూటీ పార్కింగులో పెట్టాక వెంటనే లిఫ్ట్ ఎక్కకు. హెల్మెట్ తీసి, సీటు మీదే కూర్చుని, ఫోన్ ముట్టుకోకుండా, చుట్టూ వినబడే చప్పుళ్ళు విను, ఎవరింట్లోనో కుక్కర్ విజిల్, పిల్లల క్రికెట్, ఏదైనా సరే. ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఇల్లు కూలిపోదు.

ధ్యానం అని విడిగా కూర్చోవడానికి టైం లేకపోతే మధ్యాహ్నం మొదటి ఐదు ముద్దలు ఫోన్ చూడకుండా తిను. 1979లో అమెరికాలో జాన్ కబాట్-జిన్ అనే ఆయన మసాచుసెట్స్‌లో రోగుల కోసం ఎనిమిది వారాల శిక్షణ మొదలుపెట్టారు, అందులో తొలి పాఠమే ఒక్క ఎండుద్రాక్షను చూసి, వాసన చూసి, మెల్లగా నమలడం. మన పెద్దవాళ్ళు "తినేటప్పుడు మాట్లాడకురా" అని నెత్తిన మొట్టి చెప్పింది కూడా దాదాపు అదే, కాకపోతే వాళ్ళు సర్టిఫికెట్ ఇవ్వలేదు.

ఇంకొకటి, ఇది కాస్త కటువుగా చెబుతాను. ఊపిరి చూసుకుంటే టార్గెట్ తగ్గదు. మీ బ్రాంచిలో నలుగురు చెయ్యాల్సిన పని ఇద్దరు చేస్తుంటే అది నీ మనసులో లోపం కాదు. నాకు ఇదంతా ఓర్చుకోవడం నేర్పే విద్యగా వాడుకోవడం ఇష్టం లేదు. నీ సిగ్నల్ ఏం చెబుతోందో తెలిశాక నోరు తెరిచి అడగాల్సింది అడగాలి. రాత్రి తొమ్మిది దాటాక ఆఫీసు గ్రూపు మ్యూట్ చెయ్యి, నిజంగా అవసరమైతే ఫోన్ చేస్తారు. మేనేజరుతో కోపంలో కాకుండా పొద్దున పూట, కాగితం మీద పనుల లెక్క రాసుకుని మాట్లాడు. అల్లుడుగారితో కూడా. ఆయన మంచివాడే, కానీ రాత్రి వంట, పిల్లాడి హోంవర్కు రెండూ నీవేనని ఎప్పుడో నిశ్చయమైపోయినట్టు నడుస్తోంది మీ ఇంట్లో, దాన్ని మీరిద్దరూ మళ్ళీ కూర్చుని తేల్చుకోవాలి. నేను మాట్లాడనా అంటే నువ్వు వద్దంటావు, అందుకే మాట్లాడను.

నిద్ర సంగతి నువ్వు దాటేశావు, నేను వదలను. రెండు వారాలుగా తెల్లవారుజామున మెలకువొచ్చి మళ్ళీ పట్టడం లేదన్నావు. అది అలాగే ఉంటే డాక్టరుకు చూపించుకో, బీపీ, థైరాయిడ్ కూడా చూపించుకో. ఎవరితోనైనా మాట్లాడాలనిపించి, మాకెవరికీ చెప్పలేననిపిస్తే 14416కి ఫోన్ చెయ్యి. టెలి మానస్ అని ప్రభుత్వం 2022లో పెట్టిన లైను, డబ్బులు అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు, రాత్రీ పగలూ ఉంటారు. నంబరు ఇప్పుడే ఫోన్లో సేవ్ చేసుకో. నాకూ ఏ వేళైనా చెయ్యొచ్చు, 34 ఏళ్ళు రాత్రుళ్ళు మేలుకున్నవాణ్ణి, నిద్ర చెడగొట్టానని నువ్వేం అనుకోనక్కర్లేదు.

బాబుకు సారీ చెప్పావా? చెప్పకపోతే చెప్పు, పెద్ద ఉపన్యాసం వద్దు, "నీ మీద కాదురా కోపం, ఆఫీసుది" అంటే వాడికి అర్థమవుతుంది. వచ్చే నెల రెండో శనివారం వాణ్ణి తీసుకుని కాజీపేట రా. స్టేషన్ దగ్గర బ్రిడ్జి మీద నిలబెడతాను, సిగ్నల్స్ కనబడతాయి. వాడు రంగు చెప్పాలి, నేను తిరిగి చెప్పాలి. మీ అత్తయ్య సకినాలు చేస్తానంటోంది, నువ్వు డబ్బా తెచ్చుకో, పోయినసారి తీసుకెళ్ళింది ఇంకా తిరిగి రాలేదని గుర్తు చేయమంది.

ఉంటాను,
మీ మామయ్య