అమ్మమ్మగారింటి నుంచి వచ్చాక బడికి వెళ్లనని ఏడుస్తుంటే

సంక్రాంతికి పుట్టింటికి తీసుకెళ్తే, తిరిగొచ్చాక మీ ఒకటో తరగతి బాబు వారం రోజులు బడికి వెళ్లనని ఏడ్చాడని, ఈ ఏడాది ప్రయాణం మానేయాలా అని అడిగారు. మానకండి. నేనూ ఒకసారి మానేద్దామనుకున్నాను. మా ఇంట్లో జరిగింది చెబుతాను.

మాది నరసాపురం, పుట్టిల్లు అంబాజీపేట దగ్గర పల్లె. పండక్కి వెళ్లాలంటే వశిష్ఠ గోదావరి దాటించే పెద్ద పడవ, అదే పంటు ఎక్కి, సఖినేటిపల్లి రేవులో దిగి, రాజోలు మీదుగా బస్సులో పోవాలి. మా పాపకి పంటు ఎక్కగానే సెలవులు మొదలైనట్టు. అక్కడ మా అన్నయ్య పిల్లలు, పిన్ని మనవలు అందరూ కలిపి తొమ్మిది మంది. భోగి నాడు చీకటితోనే లేచి పిడకల దండలు మంటలో వెయ్యడం, సాయంత్రం చిన్నవాళ్లకి భోగిపళ్లు, పెరట్లో తంపటి వేసిన తేగలు. కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. ప్రభ అంటే వెదురుతో కట్టి రంగురంగులుగా అలంకరించి, దేవుణ్ణి పెట్టి ఊరేగించేది. రాత్రి హాల్లో వరసగా చాపలేసి అందరినీ ఒకే చోట పడుకోబెడతాం.

పాప ఒకటో తరగతిలో ఉన్నప్పుడు, సెలవుల ఆఖరి రోజు రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరాం. మర్నాడు నిద్రమత్తులోనే యూనిఫాం తొడిగి వ్యాన్ ఎక్కించాను. బడిలో వాంతి చేసుకుంది. రెండో రోజు కడుపునొప్పి అంది. మూడో రోజు మా గేటు పట్టుకుని వదల్లేదు. మా అత్తగారు పిల్ల జడుసుకుందని దిష్టి తీశారు. మావారు బద్ధకం అన్నారు. నేను టెన్షన్‌లో, "ఇలా అయితే ఇంకెప్పుడూ అమ్మమ్మ దగ్గరికి తీసుకెళ్లను" అనేశాను. ఆ రాత్రి పక్కలో దగ్గరికి జరిగి, "అమ్మమ్మ మళ్లీ కనపడదా?" అని అడిగింది. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధపడుతుంటాను.

అది బద్ధకం కాదండీ, బెంగ. అంతమంది మధ్య పడుకున్న పిల్ల, ఒక్క రాత్రిలో ఒంటరిదైపోయింది. పైగా పండగ రోజుల్లో పదకొండు దాటితే గాని నిద్ర లేదు, వేళాపాళా లేకుండా అరిసెలు, పాకుండలు. కడుపునొప్పి నిజంగానే ఉండి ఉంటుంది.

మరుసటి ఏడాది బడి తెరవడానికి రెండు రోజుల ముందే వచ్చేశాం. మా అమ్మ చిన్నబుచ్చుకుంది, "ఇంకో పూట ఉండవే" అని బస్సు దాకా అడుగుతూనే వచ్చింది. అయినా ఆ రెండు రోజులూ చాలా పనికొచ్చాయి. చారన్నం, మజ్జిగన్నం పెట్టి ఎనిమిదిన్నరకే లైటు తీసేశాను. పొద్దున్న బడి వేళకే లేపి, బడి లేకపోయినా స్నానం, టిఫిన్ ఆ టైముకే కానిచ్చాం. సెలవుల్లో రాయమన్న హోంవర్క్ భోగికి ముందే రోజుకి రెండు పేజీలు రాయించేశాను. పండగ మొదలయ్యాక పుస్తకం తీయించడం ఎవరి వల్లా కాదు.

అన్నిటికంటే పనిచేసింది ప్రభ. ఆ తీర్థానికి పదకొండు ఊళ్ల రుద్రులు, అంటే ఆ ఊళ్ల శివుళ్లు, ప్రభల మీద వస్తారు. గంగలకుర్రు వైపు నుంచి వచ్చే ప్రభల్ని భుజాల మీద మోసుకుంటూ కౌశిక నది నీళ్లలోంచి దాటిస్తారు. పాప వాళ్ల మావయ్య భుజాలెక్కి అదంతా చూసింది. ఇంటికొచ్చాక వెదురు పుల్లలు, రంగు కాగితాలు ముందు పెడితే రెండు రోజులూ కూర్చుని చిన్న ప్రభ కట్టింది. దాన్ని బడికి తీసుకెళ్తానని తనే అంది. వాళ్ల టీచర్ గారు పెద్ద మనసుతో అందరికీ చూపించమన్నారట. తేగలు కూడా నాలుగు ముక్కలు చేసి బాక్సులో పెట్టాను. సాయంత్రం వ్యాన్ దిగుతూనే కబుర్లు మొదలుపెట్టింది.

ఫోన్ విషయంలో నేను చేసిన పొరపాటు మీరు చెయ్యకండి. పొద్దున్నే వీడియో కాల్ చేసి అమ్మమ్మని చూపిస్తే ఏడుపు ఇంకా ఎక్కువైంది. బడి నుంచి వచ్చాక చేస్తే బాగుంది. మా అమ్మ బడి సంగతులన్నీ గుచ్చి గుచ్చి అడిగేది, పాపకి రోజంతా అవి పోగేసుకోవడమే పని. ఏడిస్తే టీచర్‌కి చెప్తానని మాత్రం బెదిరించకండి, బడంటే ఇంకా భయం పెరుగుతుంది.

తీర్థానికి తీసుకెళ్తే బాబు జేబులో మీ ఫోన్ నంబరు రాసిన కాగితం పెట్టండి. చెయ్యి వదిలాడంటే ఆ జనంలో పట్టుకోవడం కష్టం.

వేసవిలో మాకు ఇంత బెంగ రాలేదు. మిగతా పిల్లలు కూడా ఒక్కొక్కరే వెళ్లిపోవడంతో మా పాపా మెల్లగా సర్దుకుంది. కానీ కాలువల దగ్గర జాగ్రత్త. ఎండల్లో కాలువలకి నీళ్లు ఆపేస్తారు, పిల్లలు అందులో దిగి ఆడతారు. జూన్‌లో ధవళేశ్వరం ఆనకట్ట నుంచి నీళ్లు వదిలాక, మొన్న ఆడుకున్న చోటే కదా అని మళ్లీ దిగబోతారు. నీళ్లు వచ్చిన మొదటి రోజే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి కాలువ చూపించండి.

రెండు వారాలు దాటినా ఏడుపు ఆగకపోతే మాత్రం బెంగ అని ఊరుకోకండి. డాక్టర్‌కి చూపించండి, బడిలో సంగతులు కూడా కనుక్కోండి. మాకు తెలిసిన ఒక బాబు విషయంలో అందరూ బెంగే అనుకున్నారు. వ్యాన్‌లో పెద్ద పిల్లలు కొడుతున్నారని నెల తర్వాత తెలిసింది. ఎందుకేడుస్తున్నావని అడిగినప్పుడల్లా వాడు తల దించుకునేవాడు. వ్యాన్‌లో నీ పక్కన ఎవరు కూర్చుంటారని వాళ్లమ్మ ఒకరోజు అన్నం తినిపిస్తూ అడిగితే, అప్పుడు చెప్పాడు.