ఎస్25 ఎడ్జ్ నాలుగింటికే డౌన్ అవుతోందా? ముందు ఇవి చూడండి

శాంసంగ్ గెలాక్సీ ఎస్25 ఎడ్జ్ కొన్నాక రొయ్యల చెరువుగట్టు మీద వేడెక్కిపోతోంది, సాయంత్రం నాలుగింటికల్లా ఛార్జింగ్ అయిపోతోంది, ఫోను పాడైందా అని అడిగారు కదండీ. నాకైతే పాడైనట్టు అనిపించట్లేదు. మందం 5.8 మిల్లీమీటర్లే, అందుకే బ్యాటరీ 3900 ఎంఏహెచ్ దగ్గర ఆగిపోయింది, ఎస్25 అల్ట్రాలో 5000 ఉంటుంది. ప్రాసెసర్ మాత్రం రెండిటికీ ఒకటే స్నాప్‌డ్రాగన్ 8 ఎలైట్, అంటే మేత అంతే కావాలి, గాదె చిన్నది.

ముందు సెట్టింగ్స్‌లో కనెక్షన్స్, అందులో మొబైల్ నెట్‌వర్క్స్‌కి వెళ్లి నెట్‌వర్క్ మోడ్‌ని ఎల్‌టీఈకి, అంటే 4జీకి మార్చండి. భీమవరం టౌన్‌లో పర్లేదు గానీ గట్ల మీద 5జీ వస్తూ పోతూ ఉంటే ఫోను దాన్ని వెతుక్కుంటూనే ఛార్జింగ్ తాగేస్తుంది, వేడి కూడా అందుకే, పైగా మిట్టమధ్యాహ్నం ఎండలో స్క్రీన్ ఫుల్ వెలుగులో ఉంటుందాయె. కారు డాష్‌బోర్డు మీద ఎండలో పెట్టి ఛార్జ్ చేయకండి.

ఇంకోటి, ఫోను నీళ్లకి, దుమ్ముకి తట్టుకుంటుందని ఇచ్చే ఐపీ68 రేటింగ్ మంచినీళ్లకి లెక్క, రొయ్యల చెరువు ఉప్పునీళ్లకి కాదు. తడిస్తే మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే ఛార్జర్ పెట్టండి.

163 గ్రాములేనండీ, చొక్కా జేబులో ఉందో లేదో తెలీదు, 200 మెగాపిక్సెల్ కెమెరా కూడా బాగుంటుంది. టెలిఫోటో, అంటే దూరంవి దగ్గరగా తీసే లెన్స్, లేదు కాబట్టి కొల్లేరు గూడబాతుల్ని దూరం నుంచి తీద్దామంటే మాత్రం నిరాశే. (ఈ ఫోనుకి లావుపాటి కవరు వేశారంటే ఇంక సన్న ఫోను కొన్నదెందుకో!)

వారం చూడండి. అప్పటికీ ఛార్జింగ్ సరిపోకపోతే పవర్ బ్యాంక్ బండిలో పడేసుకోండి, అది మోయడం చిరాకనుకుంటే ఎక్స్ఛేంజ్‌లో అల్ట్రాకి మారిపోండి.