బందరు లాకులకు తాళం ఎక్కడ?

సందేహం: మా ఊళ్లో కాలువ మీదున్న బందరు లాకుల మీదుగా వెళ్తుంటే మా మనవరాలు "ఇక్కడ దేనికి తాళం వేశారు అమ్మమ్మా?" అంది. లాకు అంటే తాళమేనా? 'లాక్' అని రాయొచ్చా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం: గడుసు పిల్లే! రెండూ ఒకే ఇంగ్లీషు మాట. పాత ఇంగ్లీషులో దానికి గడియ అనీ, మూసి ఉంచిన చోటు అనీ అర్థాలున్నాయి. తలుపును ఆపేది తాళం, నీటిని ఆపేది లాకు.

1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. సాగునీటి కాలువల్లోనే పడవలూ తిరిగేవి. నీటి మట్టం ఒక్కసారిగా మారేచోట పడవ మెట్లెక్కలేదు కదా! అందుకే రెండు తలుపుల మధ్య తొట్టిలాంటిది కట్టారు. అదే లాకు. కింది నుంచి వచ్చిన పడవ అందులోకి రాగానే వెనక తలుపు మూసి, పై నీళ్లు వదులుతారు. నీళ్లతోపాటు పడవా లేస్తుంది. మట్టాలు సమానమయ్యాక ముందు తలుపు తీస్తారు.

ఇక ఉచ్చారణ. ఇంగ్లీషువాళ్లు ఈ 'లాక్' మాటలో పలికేది అ, ఒ ల మధ్య ఉండే పొట్టి అచ్చు. హిందీలో దానికోసం నెత్తిన అర్ధచంద్రం పెడతారు. మనకు ఆ అచ్చు లేదు, 'ఆ'తో సరిపెట్టుకున్నాం: డాక్టరు, కాఫీ, లారీ, బాసు. మాట చివర హల్లు మిగిలితే 'ఉ' తగిలిస్తాం. ముందున్నది పొట్టి అచ్చయితే హల్లును ఒత్తుతాం కూడా. అందుకే బస్సు వేరు, బాసు వేరు. లక్కు వేరు, లాకు వేరు. (రోడ్డు మాత్రం ఈ లెక్కకు లొంగదు. దీర్ఘమూ ఉంది, ఒత్తూ ఉంది!)

అన్నట్టు, అప్పటి ఇంజనీర్లు ఆనకట్టను 'ఆనికట్' అని రాసుకున్నారు. ఇంగ్లీషు నిఘంటువులు దాన్ని తమిళ 'అణైక్కట్టు' నుంచి వచ్చిందంటాయి. మన ఆనకట్ట దానికి తోబుట్టువే.

రాయడం సంగతి. ఒకే మాట మనకు రెండుసార్లు వచ్చింది. కాలువలతో వచ్చినప్పుడు 'ఉ' చేర్చుకుని తెలుగైపోయింది. ఫోన్లతో వచ్చినప్పుడు ఇంగ్లీషులాగే 'లాక్'గా ఉండిపోయింది. కాబట్టి చోటు పేరును 'లాకులు' అనే రాయండి. "ఫోను లాకు పడింది" అని మీరంటే మనవరాలు నవ్వుతుంది. "బందరు లాక్స్" అని తనంటే ఆటో అతను "ఎక్కడికమ్మా?" అని మళ్లీ అడుగుతాడు.